గానుగ పాకలో అడుగుల చప్పుడు

అనకాపల్లి దాటి కాస్త దూరం పోతే, చెరకు తోటల మధ్య మూతపడ్డ బెల్లం గానుగ పాక ఒకటి ఉండేది. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదు. లోపల ఎవరో తిరుగుతారట... ఒక అడుగు మామూలుగా, రెండోది నేలకి ఈడ్చుకుంటూ. ఎదురుపడితే రక్తం పీల్చేస్తుందని ఊరంతా ఒకటే మాట.

ఇది రూతమ్మ నాకు చెప్పిన సంగతి. రెండువేల నాలుగులో బోదకాలు సర్వేకి తనంతట తనే పేరిచ్చింది. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం బోలెడు. ఆ జబ్బు పురుగు రాత్రిపూటే రక్తంలోకి వస్తుందట. అందుకని జనం పడుకునే వేళ ఇంటింటికీ పోయి, వేలు పొడిచి చుక్క రక్తం తీయాలి.

ఆ రాత్రి బంగారయ్య, పెళ్లి కుదిరిన అతని కూతురు ధనశ్రీ వేళ్లు చాపారు. మరి అతని భార్య చిన్నమ్మలు ఏదని అడిగితే, "తల్లికి బాగోలేదని గొలుగొండ ఎల్లింది" అని బంగారయ్య తలుపేసేశాడు.

తిరుగుదారిలో పాక. తోడొచ్చిన అప్పలరాజు ఆగిపోయాడు.

"అక్కా... నానైతే రాను. అది రగతం తాగుద్దంట."

"మనవూ రగతానికే కదరా తిరుగుతన్నాం. పద."

అప్పుడే వినిపించింది — ఒక అడుగు... సర్‌ర్‌ర్... ఒక అడుగు... సర్‌ర్‌ర్...

చెప్పులూ టార్చీ అక్కడే పడేసి అప్పలరాజు పరుగో పరుగు. రూతమ్మకి ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తురాలేదట.

చప్పుడు దగ్గరికొచ్చింది. ఆగింది. చీకట్లోంచి ఒక చెయ్యి — వేలు చాపి.

"నాదీ తియ్యమ్మా... రగతం."

రూతమ్మ తడుముకుని టార్చి వేసింది.

చిన్నమ్మలు! మోకాలి కింద కాలు బిందెలా వాచిపోయి ఉంది. పగలంతా వెనకగదిలో దాక్కుని, ఊరు సద్దుమణిగాక నాలుగడుగులు వేసుకోడానికి ఇక్కడికొస్తుందట. మనిషిని దెయ్యం అనుకున్నందుకు రూతమ్మకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

వేలు పొడిచి చుక్క తీసింది. గాజుపలక మీద పేరు రాయబోతే చిన్నమ్మలు చెయ్యి పట్టేసుకుంది.

"నా పేరొద్దు తల్లీ! తల్లికి బోదకాలని తెలిత్తే మా పిల్ల పెళ్లి ఆగిపోద్ది."

రూతమ్మ పలక మీద తన పేరే రాసింది. తర్వాత అడిగింది.

"మరి పెళ్లినాడు... పీటల మీద?"

"మా తోటికోడలు కూకుంటాది. నాను ఇక్కణ్ణించే మేళం ఇంటాను."