ఇవ్వనన్న ఫ్యూజు

"ఇంతకంటే పెద్ద ఫ్యూజు మీకు ఇవ్వను," అంది కౌంటరు వెనక అమ్మాయి.

అతనికి ఒళ్ళు మండింది. కొనేవాడు అడుగుతుంటే అమ్మేవాళ్ళు కాదనే కొట్టు ఎక్కడైనా ఉంటుందా?

కార్ల వైరింగు సామాన్ల కొట్టది. గోడ నిండా రంగురంగుల వైరు చుట్టలు, గాజు బీరువాలో బల్బులు, స్విచ్చులు. నాన్న పెట్టిన కొట్టును ఇప్పుడు ఆమే నడుపుతోంది. అతను పొద్దుటి నుంచి రావడం, ఫ్యూజు కొనడం, అది కాలిపోవడం, మళ్ళీ రావడం. విసుగెత్తి ఈసారి పెద్దది అడిగాడు.

"ఫ్యూజు కాలిపోతోందంటే లోపల తప్పుందని అది చెప్తున్నట్టు. దాని నోరు నొక్కేస్తే కాలేది వైరు. తర్వాత కారు."

"అమ్మడం మీ పని. బిగించడం నా పని."

"అయితే ఇంకో కొట్టు చూసుకోండి," అంది తలెత్తకుండా.

చూసుకున్నాడు కూడా. పక్క వీధిలో అడగ్గానే ఇచ్చారు. గెలిచినట్టు ఈల వేసుకుంటూ తన కార్ల షెడ్డుకు వచ్చేసరికి అక్క డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. జబ్బు చేసి ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆమె పాఠాలు చెప్పిన బడి వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు గానీ, రోజూ ఒకరు మోసుకెళ్ళి దించాలంటే ఆ ఉద్యోగమే వద్దంటోంది. అందుకే పాత కారొకటి తెచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు చేత్తోనే నడిచేలా మారుస్తున్నాడు. కారు బాడీ పనిలో అతనిది పెట్టింది పేరు. వైరింగు మాత్రం అంతంత మాత్రమే. ఒప్పుకోవడానికి నామోషీ.

అక్క చిన్నపిల్లలా హారను నొక్కింది. మోగలేదు.

"ఎప్పుడు మోగుతుందిరా?"

జేబులో ఫ్యూజు చేతికి తగిలింది. మంటలొస్తే తలుపు తీసుకుని పరుగెత్తలేని మనిషి కూర్చునే సీటది. ఆ ఫ్యూజును జేబులోంచి తియ్యనేలేదు.

మర్నాడు పిల్లిలా కొట్టు మెట్లెక్కాడు. తప్పు తనదేనని, ఒకసారి వచ్చి చూడమని బతిమాలాడు. ఆమె ఒక్క మాట కూడా దెప్పకుండా, నాన్నను కౌంటర్లో కూర్చోబెట్టి, టూల్ బాక్సు పట్టుకుని బయల్దేరింది. ఆ దెప్పకపోవడంతోనే అతను సగం పడిపోయాడు.

డాష్‌బోర్డు విప్పి చూసింది. లోపల అన్నీ ఎర్రవైర్లే. హారనుదేదో, లైటుదేదో దేవుడికే తెలియాలి.

"ఎందుకండీ అన్నీ ఎర్రవే వేశారు?"

"మా అక్కకి ఎరుపంటే ఇష్టం."

ఆమె పడీపడీ నవ్వింది. అతను ముందు మూతి ముడుచుకున్నాడు, తర్వాత తనూ నవ్వక తప్పలేదు.

టెస్ట్ ల్యాంపు పట్టుకుని వెతగ్గా వెతగ్గా దొంగ దొరికాడు. చేతి లివరు నుంచి వచ్చే వైర్ల కోసం రేకుకు అతను కన్నం వేశాడు. గుండ్రంగా, ముచ్చటగా వేశాడు గానీ కన్నం అంచుకు తొడిగే రబ్బరు బుష్ పెట్టలేదు. లివరు కదిలినప్పుడల్లా ఆ అంచు వైరు తొడుగును కోసేస్తోంది, లోపలి రాగి కారు బాడీకి తగులుతోంది.

"కన్నం మాత్రం చాలా బాగా వేశారు," అంది. అది మెచ్చుకోలో వెక్కిరింతో అతనికి తేలలేదు.

ఇక ఎర్రవైర్లన్నీ పీకేసి, ఒక్కో పనికి ఒక్కో రంగు వైరు లాగడం మొదలైంది. అతను పళ్ళతో వైరు ఒలుస్తుంటే ఆమె లాక్కుని, చేతిలో స్ట్రిప్పరు పెట్టేది. పళ్ళతో ఒలిచేవాణ్ణి తన ప్లయరు ముట్టుకోనివ్వనని బెదిరించేది. రేకుల కప్పు మీద వాన కురిస్తే ఇద్దరికీ పని మరీ నెమ్మదిగా సాగేది. రబ్బరు బుష్ కొనడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా అని అక్క అడుగుతుంటే, తమ్ముడు కాలరు సర్దుకుంటూ బయటపడేవాడు.

ఒక సాయంత్రం హారను మోగింది. లైట్లు వెలిగాయి. ఫ్యూజు చెక్కుచెదరలేదు. వీల్‌చెయిరు నుంచి సీట్లోకి తనే జరిగి, ఎవరూ వెంట రావద్దని చెప్పి, అక్క కారు రోడ్డెక్కించింది.

వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. చినుకులు మొదలయ్యాయి. అతను షెడ్డు ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ప్రతి జాయింటూ తనే చూశానని ధైర్యం చెబుతున్న ఆమె ముఖమూ పాలిపోయింది.

"ఆ రోజు మీరు ఆ ఫ్యూజు ఇచ్చి ఉంటే..." అన్నాడు.

"ఇవ్వలేదుగా."

"అందుకే. నాకు అమ్మైనా అక్కేనండి. మీ మేలు ఎప్పటికీ మరిచిపోను."

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది లోపలే ఉండిపోయింది.

అంతలో కారు వచ్చి ఆగింది. అక్క పక్క సీట్లో కొట్టు పెద్దాయన, ఆ అమ్మాయి నాన్న, తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

అక్క అద్దం దించింది. "ఎక్కడికైనా నా అంతట నేను వెళ్ళొచ్చన్నావుగా. నీకు పిల్లనడగడానికి వెళ్ళొచ్చాను. నువ్వు నోరు విప్పేసరికి ఈ కారు తుప్పు పడుతుంది."

పెద్దాయన నవ్వాడు. "నాకు సంతోషమే బాబూ. కానీ జవాబు చెప్పాల్సింది మా అమ్మాయి. తననే అడుగు."

అతను వానలో తడుస్తూ ఆమె వైపు తిరిగాడు. "మీకు... ఇష్టమేనా?"

ఆమె వెనక తలుపు తీసి లోపల కూర్చుని, అతనికి చోటిచ్చింది.

"మా అమ్మకి ఎప్పుడో చెప్పేశాను. ఇంకా అడగలేదా అని రోజూ నా ప్రాణం తీస్తోంది. ఎక్కండి, వెళ్ళి చెబుదాం."