కోడలి ఎత్తు బంగారం

జమున పొద్దున తినేది ఒక్క ఉడికిన గుడ్డు. ఆ ఒక్క గుడ్డు తినడానికి ఆమెకు ఇరవై నిమిషాలు పడుతుంది. చిన్న చెంచాతో కాస్త తీసుకుని, మెత్తగా అయ్యేదాకా నమిలి, మింగి, కాసేపు ఆగి మళ్ళీ చెంచా పెడుతుంది. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట దాకా తాగకూడదు. ఆ తర్వాత ఒక విటమిన్ గోళీ, మధ్యాహ్నం ఇంకో రెండు. ఈ గోళీలు బతికినన్నాళ్ళూ తప్పవు. పద్నాలుగు నెలలుగా ఇదే వరస, ఒక్క రోజు కూడా తప్పలేదు. ఒక్క పొద్దు ఉన్నవాళ్ళు మర్నాడు కడుపునిండా తింటారు. జమునకు ఆ మర్నాడు లేదు.

ఎదురుగా పీట మీద కూర్చుని అత్త బాలవ్వ సర్వపిండి తుంచుకుంటోంది. పల్లీలు, నువ్వులు దండిగా వేసి, గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి. ఒకప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ ఒకే గిన్నె ముందర కూర్చుని, అడుగున మాడిన ముక్క కోసం పోటీపడేవాళ్ళు. ఇప్పుడు బాలవ్వ ఒక్కతే తింటోంది. ఆ సంగతి కోడలికి రోజూ గుర్తుచేయనిదే ఆమెకు ముద్ద దిగదు.

“జరంత తుంచుకో. గోరంత.”

“వద్దత్తమ్మా. నూనె పడ్తలేదు నాకు.”

“గోరంత నూనెకు ఏమైతది?”

“లడ్డూకు ఏమైందో దసరా నాడు చూసినవు కదా.”

బాలవ్వ తన ముక్క తనే తుంచుకుంది. పండగ పూట వట్టి నోటితో ఉంటావా అని దసరాకు బలవంతంగా ఒక లడ్డూ తినిపించింది. పావుగంటలో జమునకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, సాయంత్రందాకా మంచం దిగలేదు. ఆపరేషన్ తర్వాత తీపి పడదని డాక్టర్ ముందే చెప్పాడు. కానీ తినకపోవడం అనే మాట బాలవ్వ చెవికి ఎక్కదు. ప్రేమంటే పెట్టడమే అని నమ్మిన మనిషి ఆమె.

సుల్తానాబాద్ బజారు వెనక వీధిలో ఆ ఇల్లు. ముందు గదిలో జమున కుట్టుమిషన్. భర్త శ్యాంసుందర్ మస్కట్‌లో డ్రైవర్, రెండేళ్ళకొకసారి వస్తాడు. కూతురు గురుకులంలో చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. కిందటేడాది ముందరి దాకా జమున బరువు నూట ఇరవై రెండు కిలోలు. ముప్పై అయిదేళ్ళకే మోకాళ్ళు మొరాయించాయి, షుగర్ వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. ఒకసారి అలా లేచినప్పుడు, తాను పోతే ఈ ముసలామెకు, ఆ పిల్లకు ఎవరు దిక్కని కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని డాక్టర్లను కలవడం మొదలుపెట్టింది. కడుపు చిన్నది చేసి పేగు మళ్ళించే ఆపరేషన్ గురించి ఆరు నెలలు అడిగి తెలుసుకుంది. మస్కట్‌కు ఫోన్ చేసి భర్తకు చెప్పింది. అడగలేదు, చెప్పింది. ఆ ధైర్యం ఊరికే రాదు.

ఆపరేషన్ హైదరాబాద్‌లో అయింది. నాలుగో రోజు జ్వరం వచ్చి మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. ఆసుపత్రి వరండాలో ఒక్కతే కూర్చున్న బాలవ్వ చేతులు జోడించి సమ్మక్కకు మొక్కుకుంది: నా కోడలు నడుచుకుంట ఇంటికొస్తే దాని ఎత్తు బంగారం ఇస్త తల్లీ అని. బంగారమంటే నగల బంగారం కాదు, బెల్లం. సమ్మక్క సారలమ్మలకు పెట్టే బెల్లాన్ని ఇక్కడ అందరూ బంగారమనే అంటారు. ఎవరి కోసం మొక్కారో ఆ మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం పెట్టి జోకుతారు.

జమున నడుచుకుంటూనే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత జుట్టు గుప్పెళ్ళతో ఊడింది. చేతుల కింద చర్మం వేలాడితే మోచేతుల దాకా జాకెట్లు కుట్టుకుంది. ఏదో రోగమట అని వీధిలో గుసగుసలు వినబడితే మిషన్ ఇంకాస్త గట్టిగా తొక్కింది. రోజూ తెల్లారేసరికి కాలువ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచింది. ఇప్పుడు డెబ్బై ఒక్క కిలోలు. సమ్మక్క జాతర రెండేళ్ళకొకసారే కాబట్టి మొక్కు అట్లాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళకు జాతర వచ్చింది.

“రేపు పొద్దున బంగారం జోకిద్దాం. బెల్లం దుకాణం జహీరుకు చెప్పొచ్చిన. నూటిరవై రెండు కిలోలు తీసిపెట్టమన్న” అన్నది బాలవ్వ చేయి కడుక్కుంటూ.

జమున చెంచా ఆగిపోయింది. “నూటిరవై రెండు ఎందుకు? నేనిప్పుడు డెబ్బై ఒకటే ఉన్న.”

“మొక్కిన్నాడు నూటిరవై రెండు. దేవతతోని బేరమాడ్తమా?”

“సరే, అంతే ఇయ్యి. నేను మాత్రం తరాజుల కూసోను.”

“మనిషి కూసోకుంటే మొక్కెట్ల తీరుతది? తరాజు సమానం కావాలె.”

“డెబ్బై ఒక్క కిలోల మనిషి కూసుంటే నూటిరవై రెండు ఎట్ల సమానమైతది అత్తమ్మా?”

బాలవ్వ అది కూడా ఆలోచించే పెట్టుకుంది. “నీ పక్కన యాభై ఒక్క కిలోల బియ్యం బస్తా పెడ్తం. జహీరు సరేనన్నడు.”

జమున గిన్నె కింద పెట్టింది. ఆమె గొంతు ఎప్పుడూ లేవదు. ఇప్పుడు లేచింది.

“అంటే నా ఒంట్ల నుంచి పోయిన కొవ్వును బస్తాల పోసి బజారుకు చూపిస్తవా? ఇదిగో, ఇగ ఇంత లావుండె నా కోడలు అని?”

“నేనెందుకంటనే గట్ల? మొక్కు బాకీ ఉంటే మళ్ళ ఏమైతదో అని నా భయం.”

“నాకు లేదా భయం? పద్నాలుగేండ్ల కింద నన్ను ఆ తరాజుల కూసోబెట్టినవు, యాదికుందా?”

యాదికి లేకేం. శ్యాంసుందర్‌కు ముప్పై రెండేళ్ళొచ్చినా పిల్ల కుదరలేదు. కొడుక్కు పెళ్ళయితే కోడలి ఎత్తు బంగారం ఇస్తానని బాలవ్వ అప్పుడూ మొక్కుకుంది, కోడలు ఎవరో, ఎంతుంటుందో తెలియకుండానే. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి జాతరకు కొత్త కోడలిని జహీర్ దుకాణం ముందర తరాజులో కూర్చోబెట్టారు. ముప్పై కిలోల బస్తాలు మూడు పెట్టినా పిల్ల కూర్చున్న పక్క నేల విడిచి లేవలేదు. నాలుగో బస్తా మూతి విప్పాల్సి వచ్చింది. పక్క వీధి లచ్చయ్య, “ఈసారి సమ్మక్కకు లాభం, బాలవ్వకు నష్టం” అన్నాడు. బజారు బజారంతా నవ్వింది.

“నువ్వు గూడ నవ్వినవు గదా బిడ్డా” అన్నది బాలవ్వ.

“నవ్వకుంటే ఏడ్వాలె గదా అత్తమ్మా. ఇంటికొచ్చి రెండు రోజులు తిండి ముట్టలే. కొత్త పిల్ల, సిగ్గుపడ్తుందనుకున్నవు నువ్వు. గా నాటి నుంచి ఆసుపత్రికి పోయేదాక మళ్ళ కాంటా ఎక్కలే. ఊరందరికి కొలతలు తీస్త గాని నా ఒంటికి టేపు పెట్టుకోలే. నీ మొక్కు కాదన్నందుకు తప్పయితే సమ్మక్క నన్నే అననియ్యి.”

“నిన్నెవరు చేయించుకోమన్నరే ఆపరేషను?” అనేసింది బాలవ్వ. మాట జారాక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. “మంచిగుంటిమి. కూసుండి ఇద్దరం తింటుంటిమి. గిప్పుడు నా ఇంట్ల నేనొక్కదాన్నే తింటున్న.”

జమున లేచింది. మిగిలిన సగం గుడ్డు మీద మూత పెట్టి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. 

మధ్యాహ్నం బాలవ్వ కర్ర పట్టుకుని బజారుకు వెళ్ళింది. మూడేళ్ళ కింద బాత్రూంలో జారి తుంటి విరిగినప్పటి నుంచి కర్ర లేనిదే నడవలేదు. జహీర్ దుకాణం ముందర జాతర గిరాకీ కిటకిటలాడుతోంది. మూడు వెదురు బొంగులు నిలబెట్టి పెద్ద తరాజు వేలాడదీశారు. పక్కన బస్తాలు తూచే మిషన్ కాంటా ఖాళీగా ఉంటే, కాళ్ళు పీకుతున్నాయని బాలవ్వ దాని మీదే కూర్చుంది.

“బియ్యం బస్తా వద్దు జహీరూ. పిల్లకు ఇష్టం లేదు. ఇంకేమన్న తరీక చెప్పు” అన్నది.

“ఫికర్ చెయ్యకు బాలవ్వా, ఆలోచిద్దాం” అన్నాడు జహీర్. బెల్లం కడుతూనే గొంతు తగ్గించాడు. “ఆమెకు ఇష్టం ఎందుకుంటది? అప్పుడు నాలుగో బస్తా విప్పింది నేనే. నవ్వింది గాని, గొలుసు పట్టుకున్న చేతులు వణికినయ్. నాకు ఇప్పటికి యాదికొస్తది.”

బాలవ్వ తల వంచుకుంది. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తాను చూడనిది, ఒక్క పొద్దు చూసిన దుకాణదారు చూశాడు. లేవబోతుంటే జహీర్ కాంటా వంక చూసి నవ్వాడు.

“ఆగు ఆగు. నలభై తొమ్మిది చూపిస్తుంది. బియ్యం బస్తా ఎందుకు, నువ్వే ఉన్నవు కదా. నీ కోడలు తగ్గించింది వాళ్ళ అత్తంత బరువే అనుకో.”

బాలవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే దుకాణం దిగింది. నాలుగు అడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది.

తుంటి విరిగినప్పుడు నాలుగు నెలలు మంచంలో ఉంది. మంచం నుంచి బాత్రూంకు, బాత్రూం నుంచి ఎండపొడకు ఎత్తుకుని తిప్పింది జమునే. ఎత్తుకున్న ప్రతిసారీ రొప్పేది. “ఏందే గా రొప్పుడు, నేనేమన్న పర్వతమున్ననా” అని తాను విసుక్కునేది. ఆ రోజుల్లో జమున చేతుల్లో ఒక బాలవ్వ, ఒంట్లో ఇంకో బాలవ్వ. ఒక్కతే ఇద్దరిని మోసింది. ఆ రెండో బాలవ్వను దించుకుని ఇప్పుడిప్పుడే ఊపిరి పీల్చుకుంటున్న పిల్లను పట్టుకుని, ఎవరు చేయించుకోమన్నారని అడిగింది. బాలవ్వ బజారు మధ్యలో కర్ర మీద వాలి నిలబడిపోయింది. ఎవరో ఎండదెబ్బనుకుని నీళ్ళివ్వబోయారు.

ఇల్లు చేరేసరికి జమున బట్ట కత్తిరిస్తోంది. బాలవ్వ ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

“నేను నలభై తొమ్మిది ఉన్న బిడ్డా. జహీరు కాంటా చెప్పింది.”

“మంచిగనే ఉన్నవు కదా” అన్నది జమున, తల ఎత్తకుండా.

“మంచిగ కాదు. నువ్వు దించుకున్నది నా అంత బరువు. నాలుగు నెలలు నన్ను మోసినవనుకున్న. ఇన్నేండ్ల నుంచి మోస్తనే ఉన్నవు. నేను చూడలే. ఎవరు చేయించుకోమన్నరని అన్న ఈ నోరు పడిపోను.”

కత్తెర ఆగింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, ఒకరు గట్టిగా, ఒకరు చప్పుడు లేకుండా. తర్వాత బాలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“బస్తా వద్దు. నీ పక్కన నేను కూసుంట. ఇంట్లనే, తలుపులేసుకుని జోకమంట జహీరును. ఎవ్వరు చూడరు.”

జమున కత్తెర పక్కన పెట్టింది. వేలాడే చర్మాన్ని కప్పిన జాకెట్ చేతులు సవరించుకుంది.

“తలుపులెందుకు అత్తమ్మా. దుకాణం ముందరనే కూసుందాం. అప్పుడు నేనొక్కదాన్నే ఉంటి.”

మర్నాడు పొద్దున తరాజు పలక మీద ముందు జమున కూర్చుంది. బాలవ్వను చేయి పట్టుకుని ఎక్కించి పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటి లచ్చయ్య ఇప్పుడూ ఉన్నాడు, పళ్ళు మాత్రం కొన్ని లేవు.

“ఇద్దరికి కలిపి ఒక్కటే మొక్కా బాలవ్వా? దేవతను మోసం చేస్తున్నరా ఏంది?”

“మోసం కాదు లచ్చయ్యా” అన్నది బాలవ్వ, బజారంతా వినేటట్టు. “ఇది నా కోడలు. ఇది నా కోడలు ఇన్నేండ్లు మోసిన బరువు. దింపుకునే దమ్ము దానికున్నది. నీకుంటే నువ్వూ వచ్చి కూసో, జోకుతరు.”

ఈసారి కూడా బజారు నవ్వింది, కానీ లచ్చయ్యను చూసి. అతను కూడా తల గోక్కుంటూ నవ్వేశాడు.

జహీర్ నాలుగు బస్తాలు పేర్చాడు. పలక నెమ్మదిగా నేల విడిచి లేచి, బస్తాలకు సమానంగా నిలబడింది. నూట ఇరవై. ఇంకో రెండు కిలోల బెల్లం ముద్ద అటు పెట్టి, దానికి సరితూగేలా నాలుగు కొబ్బరికాయలు తెచ్చి జమున ఒడిలో పెట్టాడు. ఆమె చేతులు గొలుసును పట్టుకోలేదు. అత్త భుజం చుట్టూ ఉన్నాయి.

జాతరలో సమ్మక్క గద్దె దగ్గర బంగారం అప్పగించాక బాలవ్వ ప్రసాదం చేతికి తీసుకుంది. జీవితంలో ఎవరికీ చారెడుకు తక్కువ పెట్టని ఆ చేయి, బెల్లాన్ని గోటితో గిల్లి పెసరగింజంత ముక్క తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

“ఇంతేనా అత్తమ్మా?” అన్నది జమున, కళ్ళల్లో నీళ్ళతో నవ్వుతూ.

“ఇంతే. నీ కడుపెంతో నాకెరుకైంది.”

మిగిలిన ముద్దను బాలవ్వ పక్కవాళ్ళకు ఇచ్చేసింది. తన కోసం కూడా పెసరగింజంతే ఉంచుకుంది. కోడలు నోట్లో వేసుకునేదాకా ఆగి, తానూ వేసుకుంది.  చాలా రోజుల తర్వాత అత్తాకోడళ్ళు సమానంగా, కలిసి తిన్నారు.