మీసాలు లేని తొమ్మిది ఎలుకలు

బుధవారం పొద్దున అరినోలా మెట్లెక్కి వచ్చేసరికి ఇబిదున్ తల సగమే అల్లి ఉంది. ఎడమవైపు ఆరు పాయలు నెత్తికి అంటుకుని బుద్ధిగా పడుకున్నాయి. కుడివైపు జుట్టు ముళ్ళకంపలా లేచి నిలబడింది. ఇబాదాన్‌లో, మొకొలా వీధి దర్జీ కొట్టు పైనున్న ఆ గది తలుపు మీద ‘మోజిరాదె అలాబి, ప్రైవేటు పరిశోధన’ అని బోర్డు ఉంది. లోపల ఆ పరిశోధకురాలు స్టూలు మీద కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళ సహాయకురాలు ఇబిదున్ ఆమె కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని తల అప్పగించింది.

“నేను సంతకం పెట్టను అక్కా,” అంది అరినోలా గుమ్మంలోనే.

“పెట్టొద్దు. ముందు కూర్చో,” అంది మోజిరాదె దువ్వెన ఆపకుండా.

అరినోలా వచ్చి చాప అంచున కూర్చుంది. 

అరినోలా తొమ్మిదేళ్ళుగా విశ్వవిద్యాలయం వారి ఎలుకలసాలలో పనిచేస్తోంది. వానలు పడగానే రోడ్ల పక్కన ఉడికించి అమ్మే అవుసా గింజలు మనసులోని దిగులు తగ్గిస్తాయా అని ప్రొఫెసర్ ఒగుంతోయె అక్కడ పరీక్షిస్తున్నాడు. అందుకోసం అక్కడే పుట్టి, కలిసి పెరిగిన ఇరవై ఆడ చిట్టెలుకలను ఆరు వారాలపాటు ఒక్కొక్క బోనులో ఒంటరిగా ఉంచారు. ఒంటరి ఎలుక దిగులుపడుతుంది. పది ఎలుకలకి గింజ కలిపిన మేత, మిగతా పదికి మామూలు మేత. చివర్లో ఒక్కొక్కదాన్నీ నీళ్ళ జాడీలో ఆరు నిమిషాలు వదిలారు. దిగులుపడ్డ ఎలుక కాసేపు కొట్టుకుని వదిలేస్తుంది, నీళ్ళ మీద ఊరికే తేలుతుంది. దిగులు లేనిది ఈదుతూనే ఉంటుంది.

“ఏమైంది మరి?”

“ఇరవైకి ఇరవై ఈదాయక్కా! గింజ తిన్నవీ ఈదాయి, తిననివీ ఈదాయి. నేను బద్ధకించి అన్నిటికీ ఒకే డబ్బాలోది పెట్టానట. శుక్రవారం పన్నెండింటికల్లా తప్పు ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలట. చేస్తే తోటపనికి మారుస్తారు. చెయ్యకపోతే ఇంటికే.”

“ఏ డబ్బాలో ఏముందో నీకు తెలుసా?”

“తెలీదు. ఒకటి ఎర్రమూత, ఒకటి నీలంమూత. దేన్లో గింజ కలిపారో సారు కవర్లో పెట్టి అంటించేశాడు. ఏ బోనుకి ఏ మూత డబ్బాలోది పెట్టాలో నా పుస్తకంలో ఉంది. బోను మీద నంబరు తప్ప ఇంకేం ఉండదు.”

ఇబిదున్ ఉండబట్టలేకపోయింది. “సంతకం పెట్టెయ్యమ్మా. తోటపనైనా దక్కుతుంది. వాళ్ళతో మనకెందుకు?”

“తొమ్మిదేళ్ళు పెద్దమ్మా! ఒక్క పూట మేత తప్పలేదు. చెయ్యని తప్పు చేశానని నా చేత్తో రాయమంటారా?”

ఇబిదున్ తల మళ్ళీ దువ్వెనకు అప్పగించింది. ఎవరు ఎవరికి దూరమవుతారన్నా ఆమె సహించలేదు. పన్నెండేళ్ళప్పుడు, పరాయిదేశంలోని కుమాసీ నుంచి తమవాళ్ళందరినీ వెళ్ళగొట్టిన ఏడాది, చెల్లెలు ఇబిదున్ తల సగం అల్లి వేరే లారీ ఎక్కింది. మిగతా సగం అల్లడానికి చెల్లెలు మళ్ళీ రాలేదు.

మర్నాడు మోజిరాదె, ఇబిదున్ ఎలుకలసాలకు వెళ్ళారు. మోజిరాదె మొదట రెండు డబ్బాలూ తూకం వేయించింది. రెండూ సరిసమానంగా తగ్గాయి.

“పారబోసి ఉండొచ్చుగా?” అన్నాడు ప్రొఫెసర్.

“బద్ధకస్తురాలు పారబోసే శ్రమ కూడా పడుతుందా సార్?”

నీళ్ళ పరీక్ష చేసిన పరిశోధక విద్యార్థి దెజి గడియారం, కాగితాలు తెచ్చి ముందు పెట్టాడు. “ఈ పరీక్ష మీదే నా పట్టా ఆధారపడి ఉందండి. చెడగొట్టుకోడానికి నాకేమైనా పిచ్చా?” అన్నాడు. తనూ అరినోలా ఆ ఆరు వారాలూ పని రోజుల్లో ఒకరి కళ్ళ ముందు ఒకరు పనిచేశామని, ఆమె డబ్బాలు కలిపేయడం తను చూడలేదని కూడా చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు ప్రొఫెసర్ వైపు చూడలేదు.

మోజిరాదె బోనులన్నిటి ముందూ వంగి చూసింది. “ఈ ఏడోదానికి మీసాల్లేవేం?”

“ఏదో చర్మరోగం,” అన్నాడు ప్రొఫెసర్.

“చర్మం శుభ్రంగా ఉంది. కత్తెరతో కత్తిరించినట్టున్నాయి.” ఆమె లెక్కపెట్టింది. అలాంటివి తొమ్మిది. నంబర్లు రాసుకుని, ఇబిదున్ తల వైపు చూసి నవ్వింది. పాయలు వంకరపోయాయేమోనని ఇబిదున్ తడుముకుంది.

గుమ్మం దగ్గర కాపలాదారు లమిది బాబా జపమాల తిప్పుతున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఆయన కుర్చీ వెనక గోడకు బట్టలుతికే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఆనించి ఉంది. దాని అడుగున, ఎలుకల బోనుల్లో పరిచే రంపపు పొట్టు అతుక్కుని ఉండడం ఇబిదున్ గమనించింది.

“ఆదివారాలు ఎలుకలకి నీళ్ళెవరు పోస్తారు బాబా?” అని అడిగింది మోజిరాదె.

“నేనేనమ్మా. అరినోలా చర్చికి పోతుంది, కుర్రాడు రాడు. మేత ఆమె శనివారమే పెట్టి పోతుంది. ఆ మేత నేను తాకలేదు. కురాన్ మీద ఒట్టు.”

“నమ్మాను,” అంది మోజిరాదె. ఇంకేమీ అడగలేదు.

శుక్రవారం పదకొండింటికి అందరూ బోనుల మధ్య నిలబడ్డారు. సంతకం చెయ్యాల్సిన కాగితం బల్ల మీద ఉంది. అరినోలా దాని వైపు కన్నెత్తి చూడలేదు.

“నాకు నమాజుంది, త్వరగా కానివ్వండి,” అన్నాడు లమిది బాబా.

“పెద్దమ్మా, అటు తిరుగు,” అంది మోజిరాదె. ఇబిదున్ సిగ్గుపడుతూ తిరిగింది. “దెజీ, ఈ తల ఎవరు అల్లారు?”

“మీరేమో.”

“ఆవిడే అల్లుకుందని ఎందుకనలేదు?”

“వెనకవైపు ఎవరికి వాళ్ళు ఇంత సాఫీగా ఎలా అల్లుకుంటారండీ?”

“అదీ సంగతి. ఏ ఎలుకా తన మీసాలు తను కొరుక్కోలేదు. పళ్ళకి అందవు. ఆడ ఎలుకలు కలిసి ఉన్నచోట ఒకటి పెత్తనం చేస్తూ మిగతావాటి మొహాలు గొరుగుతుంది. ఈ తొమ్మిదీ ఒంటరిగా లేవు సార్.”

ప్రొఫెసర్ వంగి ఏడో బోనులోకి చూశాడు.

“అరినోలా పుస్తకం చూడండి. తొమ్మిదీ నీలంమూత డబ్బాలోది తిన్నవే. నీలంమూతది తిన్న పదోది పన్నెండో నంబరు. దాని మీసాలు నిండుగా ఉన్నాయి, ఎందుకంటే మంగలి అదే! ఇప్పుడు మీ కవరు చించండి.”

కవరులో ఉంది: నీలంమూత డబ్బాలో గింజ కలపలేదు.

“అయితే వాటిని కలిపిందెవరు?” అన్నాడు దెజి.

“మిగతా రోజుల్లో ఇక్కడ ఇద్దరుంటారు. ఒక్కరే ఉండేది ఆదివారం. బాబా బట్టలుతికే తొట్టిలో రంపపు పొట్టు ఎందుకుంటుంది?”

జపమాల ఆగింది. లమిది బాబా లేచి నిలబడ్డాడు. వంగిన నడుము ఆ క్షణాన వంగినట్టు కనిపించలేదు.

“ఔను, నేనే. మేత ముట్టలేదన్నాను, అది నిజం. బోను మూత తీశావా అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి. ఇవి నా కళ్ళ ముందు పుట్టాయి, ఒకదాని మీద ఒకటి పడుకుని పెరిగాయి. మీరు విడదీశారు. ఆదివారాలు ఒక్కో పూట నేను కలిపాను. తోకల మీద నంబర్లున్నాయి, ఏ బోనుది ఆ బోనులో మళ్ళీ పెట్టాను. ఈ పిల్ల మీదకి వస్తుందని నాకు తెలీదు, దానికి మాత్రం తల వంచుతా. మిగతాదానికి వంచను. తీసేస్తారా? తీసెయ్యండి.”

“ఆరు వారాల పని నాశనం చేశావు!” అని అరిచాడు ప్రొఫెసర్.

“ఉండండి సార్. ఇంకొక్క ప్రశ్న,” అంది మోజిరాదె. “బాబా, ఇరవైలో ఈ పదినే ఎందుకు తీశారు?”

“తొట్టిలో ఇరవై పట్టవుగా. మిగతావి బాగానే ఉన్నాయి. గూళ్ళు కట్టుకుంటున్నాయి, నేను పోతే ముక్కు బయటపెట్టి పలకరిస్తున్నాయి. ఇవి మూలకి మొహం పెట్టి కూర్చునేవి. దిగులుగా ఉన్నవాటిని తీశా.”

“ఏది గింజ తింటోందో మీకెవరు చెప్పారు?”

“ఏం గింజ?” అన్నాడు ముసలాయన.

 దెజి పుస్తకం, కవరులోని కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. “సార్, ఏ నంబరు ఏమిటో ఈయనకి తెలీదు. దిగులుపడ్డవాటిని కంటితో చూసి ఏరాడు. పదికి పదీ గింజ తిననివే!”

“మీ గింజ పనిచేస్తోంది సార్,” అంది మోజిరాదె. “మీ గడియారం కనిపెట్టలేనిది కాపలాదారు కన్ను కనిపెట్టింది. గింజతో పాటు తోడు కూడా పనిచేస్తుందని తేలింది. మళ్ళీ చేసి చూసుకోండి.”

ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. “అరినోలా, సోమవారం పనికి రా. ఆ కాగితం సంగతి మరిచిపో.”

“మరిచిపోను సార్,” అంది అరినోలా. కాగితం తిప్పి, కలం ఆయన ముందు పెట్టింది. “వెనకవైపు ఖాళీగానే ఉంది. అరినోలా తప్పు చెయ్యలేదని రాసి మీరు సంతకం పెట్టండి. బాబాని తియ్యనని కూడా రాయండి. అప్పుడొస్తా.”

“నన్నే సంతకం అడుగుతున్నావా?”

“మీరు నన్ను అడిగారుగా.”

పన్నెండు కావడానికి అయిదు నిమిషాలుంది. ఆయన మొదట నిలబడే రాయబోయాడు, తర్వాత కూర్చుని రాశాడు. అరినోలా చదువుకుని, మడిచి, తలగుడ్డలో దోపుకుంది.

“కొత్త ఎలుకలతో మళ్ళీ మొదలుపెడదాం,” అన్నాడు దెజి. “వీటితో ఇక పని లేదు.”

“పని లేకపోతే మరి ఇంకా ఎందుకు విడిగా ఉంచారు?”

అందరూ వెనక్కి తిరిగారు. మాట్లాడింది ఇబిదున్. ఆమె గుమ్మం బయటికి పోయి ఆ తొట్టి రెండు చేతులతో ఎత్తి తెచ్చి, ప్రొఫెసర్ కాగితాల మీదే దబ్బున పెట్టింది.  పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఇంకో తొట్టి తెప్పించండి. ఇరవై ఉన్నాయి. ఆదివారం దాకా ఆగక్కర్లేదు.”

మోజిరాదె మొదటి బోను మూత తీసింది. అరినోలా రెండోది తీసింది. లమిది బాబా నమాజుకు వెళుతూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి చూశాడు.

తొట్టిలో ఎలుకలు ఒకదాన్నొకటి వాసన చూసుకుని, కాసేపటికి ఒక్క కుప్పగా పడుకున్నాయి. పన్నెండో నంబరు మాత్రం పడుకోలేదు. పక్కనున్నదాని మొహం ముందు కాళ్ళతో ఒడిసి పట్టుకుని, ఆదివారం మిగిల్చిన పని అందుకుంది.