హ్యాలోడౌన్ పొలంలో డేగ గుండీ

"నా స్నేహితుల్లో దొంగ ఎవరో చెప్పండి. లేదా ఎవరూ కాదని చెప్పండి. శనివారం లోపల." కుర్చీ అంచున కూర్చుని అడిగింది విన్నీ పాస్క్. డెబ్భై ఏళ్ల ఆమె బూట్లకు ఎండిన మట్టి అలాగే ఉంది.

ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ బ్లైత్ ఆమెకు టీ కప్పు అందించింది. సహాయకుడు ఎడ్విన్ నోటుపుస్తకం తెరిచాడు. అతను తొమ్మిదేళ్లుగా హెస్టర్ దగ్గర పని చేస్తున్నాడు. ఆమె ఎప్పుడు ఏం కనిపెడుతుందో అతనికి ఇప్పటికీ అంతుపట్టదు.

విన్నీ, గడియారాలు బాగుచేసే డెస్మండ్, బస్సు డ్రైవరుగా రిటైరైన ఐవర్ ప్రతి ఆదివారం మెటల్ డిటెక్టర్లు పట్టుకుని హ్యాలోడౌన్ పొలానికి వెళతారు. మూడొందల ఎనభై ఏళ్ల కిందట రాజు సైన్యం, పార్లమెంటు సైన్యం తలపడ్డ నేల అది.

"పన్నెండేళ్లలో నాకు దొరికింది మేకులు, సీసా మూతలేనండీ. మొన్న ఆదివారం మాత్రం వెండి గుండీ దొరికింది. దాని మీద డేగ బొమ్మ! ఏ గుర్రపు దళం అధికారిదో."

"లోతుగా ఉందా?"

"ఒక్క పార పోటుకే వచ్చేసింది. బొటనవేలితో తుడిస్తే చాలు, ఈకలు కూడా కనిపించాయి. వచ్చేవారం మ్యూజియం ఆవిడకు చూపించి నమోదు చేయిస్తానని ఇద్దరికీ చెప్పి డబ్బాలో పెట్టాను. ఇంతలో పొలం యజమాని మిసెస్ టక్‌వెల్ యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పై తెస్తే, డబ్బా అక్కడే వదిలి ఒకరి తర్వాత ఒకరం గేటు దగ్గరికి నడిచాం. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ!"

టక్‌వెల్ అందరి జేబులూ సంచులూ దులిపించింది. ఒంటి మీద డిటెక్టరు కూడా తిప్పించింది. గుండీ దొరకలేదు. శనివారానికి బయటపడకపోతే గేటుకు తాళం వేస్తానంది.

"పొలం పోతే పోయింది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మా ఆయన పోయాక నాకు మిగిలింది వాళ్లేనండీ."

మర్నాడు హెస్టర్, ఎడ్విన్ పొలానికి వెళ్లారు. ఆ వేసవి వానలు లేవు. కోత అయిన బార్లీ మోళ్ల మధ్య ఎడ్విన్ పార వేస్తే ఖంగుమంది. పది పోట్లకు జానెడు గుంట కాలేదు, అరచేతిలో బొబ్బ మాత్రం లేచింది.

ఐవర్ గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. "అందరి కళ్లూ నా మీదే మేడమ్. రెండేళ్ల కిందట ఇక్కడ దొరికిన నాణెం ఒకటి నమోదు చేయించకుండా అమ్మానుగా, ఆ పాపం ఇంకా వెంటాడుతోంది."

"యాపిల్ పై తిన్నాక ఎవరెవరు ఏం చేశారు?"

"నేను కోపంతో వెతుకుతూనే ఉన్నా. విన్నీ ఏడుస్తూ కూర్చుంది. డెస్మండ్ యంత్రం మొరాయించింది, బ్యాటరీలు అయిపోయాయట. పొద్దున నేనే కొత్తవి ఇచ్చా. పూట కూడా రాలేదు, అంతా మోసం!"

తర్వాత కలిసిన డెస్మండ్ తన గడియారాల బల్ల ముందు కూర్చుని మాటలు కూడబలుక్కున్నాడు.

"ఆ చోట వెతకమని విన్నీకి ఎవరు చెప్పారు?" అని హెస్టర్ అడిగింది.

"నేనే. కంచె వారగా చూడమన్నాను. ఊరికే, అలా అనిపించింది."

అక్కడి నుంచి హెస్టర్ మ్యూజియానికి వెళ్లి పాత రిజిస్టర్ల ముందు గంటసేపు కూర్చుంది. లేచేటప్పుడు ఆమె ముఖంలో సన్నటి నవ్వు.

శనివారం ఉదయం అందరూ టక్‌వెల్ గడ్డి కొట్టంలో చేరారు.

"ఈ నేల పారను విరిచేసేలా ఉంది," అంది హెస్టర్. "అయినా గుండీ ఒక్క పోటుకే వచ్చింది. అన్నేళ్లు మట్టిలో ఉందనుకున్న బొమ్మ గీతల్లో మట్టి లేదు. అంటే అక్కడి నేలను ముందే ఎవరో తవ్వి మెత్తబరిచారు. గుండీని పాతిపెట్టారు."

విన్నీ నోరు తెరుచుకుంది.

"మాయమైంది మ్యూజియం మాట వచ్చాకే. అక్కడికి చేరకూడదని ఎవరో భయపడ్డారు. ఒంటి మీద డిటెక్టరు తిప్పారు సరే, డిటెక్టరు మీద డిటెక్టరు ఎవరు తిప్పుతారు? కొత్త బ్యాటరీలు పూటలో అయిపోవు. వాటిని తీసేస్తేనే ఆ గూట్లో గుండీకి చోటు దొరుకుతుంది. డెస్మండ్ గారూ, ముప్ఫై ఒక్కేళ్ల కిందటి రిజిస్టరులో ఆ డేగ బొమ్మ గీసి ఉంది. వేరే యుద్ధభూమిలో దొరికిందని, దొరికింది మీకేనని రాసి ఉంది."

డెస్మండ్ జేబులోంచి గుండీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నా జన్మలో దొరికిన మంచి వస్తువు అదొక్కటే. మేకులు ఏరి ఏరి విసుగొచ్చింది, యంత్రం అమ్మేస్తానని నువ్వు అన్నావు విన్నీ. నువ్వు మానేస్తే ఆదివారాలు ఎందుకు నాకు? అందుకే పాతాను. మ్యూజియం అనేసరికి గుండె జారింది. ఆవిడ చూడగానే గుర్తుపట్టేది. నలుగురిలో నీకు తలవంపులు, ఈ పొలం చరిత్రలో అబద్ధం. తీసేశాను."

"నన్ను దొంగని చేసి నువ్వు పెద్దమనిషివయ్యావా?" ఐవర్ మండిపడ్డాడు.

"నీ మీదకు వస్తుందనుకోలేదు. వచ్చాక నోరు రాలేదు. తప్పు నాదే ఐవర్. క్షమించు."

ఐవర్ అతని వైపు వేలు ఆడించాడు. "ఏడాదిపాటు నా బ్యాటరీలు నువ్వే కొనాలి," అన్నాడు.

విన్నీ ముఖం మాత్రం ఎర్రబడింది. "నా మీద జాలిపడ్డావా డెస్మండ్?"

"జాలి కాదు. భయం. నువ్వు రావేమోనని."

ఆమె గుండీని అతని గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది. "నీది నీ దగ్గరుంచుకో. నాది నేను తవ్వుకుంటా."

టక్‌వెల్ వెళ్లి గేటు బార్లా తెరిచింది.

మధ్యాహ్నానికి పొలం నడుమ విన్నీ యంత్రం కూత పెట్టింది. సాయానికి వచ్చిన ఐవర్‌ను పక్కకు నెట్టి, చెమటలు కక్కుతూ అరగంట తానే తవ్వింది. గట్టి మట్టిగడ్డ లోపల బూడిదరంగు సీసపు తుపాకీ గుండు, ఒక వైపు నొక్కుకుపోయి ఉంది.

ఆమె అనుమానంగా డెస్మండ్ వైపు చూసింది. అతను రెండు చేతులూ పైకెత్తాడు. హెస్టర్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డనూ, గుంటనూ పరీక్షగా చూసింది.

"దీన్ని ఇక్కడ వదిలినవాడు వెళ్లిపోయి మూడొందల ఎనభై ఏళ్లయింది," అంది.

విన్నీ గుండును చెంపకు ఆనించుకుని చిన్నపిల్లలా నవ్వింది. "మ్యూజియం ఆవిడకు ఫోన్ చెయ్యండి ఎవరైనా," అంది. "నా చేతులు మట్టిగా ఉన్నాయి."