ఒప్పుకున్నవాళ్ళ తలుపు

"ఆ దిండు కూడా కుక్కు, సంచి నిండినట్టుంటుంది," అంది తాయారు మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ.

మెహర్ దిండు కుక్కింది. దాని మీద చిరిగిన దుప్పటి, ఉంగటం తెగిన చెప్పు ఒకటి, తన పాత చున్నీ. ఆఖరి ఓటింగు రోజున ప్రతి విద్యార్థీ సంచి సర్దుకుని మాత్రమే సభకు రావాలని విశ్వవిద్యాలయం నియమం. ఖాళీ చేతులతో వెళ్తే తలుపు తెరుచుకోదు. తాయారు అసలు బట్టలు మాత్రం బీరువాలోంచి కదల్లేదు.

"నిజంగా పంపించేస్తే ఏం చేస్తావే? ఈ దిండేసుకుని చంద్రుడి మీద తిరుగుతావా?" అంది మెహర్.

"నన్నెవరు పంపుతారు? రెండేళ్ళలో నువ్వు చెప్పింది ఒక్కటైనా ఒప్పుకున్నానా?"

అదీ నిజమే. వాళ్ళిద్దరినీ కలిపిందే ఆ పేచీ. మూడువేల మంది కూర్చునే ఆ సభలో అధ్యాపకురాలు ఒక ప్రశ్న వేస్తుంది. ఎవరి జవాబు వాళ్ళు వేలికున్న మనోమీట నొక్కి చెప్పాలి. అప్పుడు కుర్చీలు పట్టాల మీద జరిగి, జవాబు కలవని ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా చేరుస్తాయి. వాదించుకున్నాక మళ్ళీ ఓటు. కుర్చీలతో మొదలైన ఈ పద్ధతి మెల్లగా భోజనాల బల్లలకీ, హాస్టల్ గదులకీ పాకింది. ఒకే మాట మీదున్న ఇద్దరిని ఒకచోట ఉంచడం దండగని ఈ జతలు కట్టే సభాయంత్రం లెక్క.

ఆఖరి రోజు లెక్క ఇంకా కఠినం. జంటలో ఒప్పించినవాళ్ళు ఇక్కడే ఉండిపోతారు; ఎవరి మాటా మారకపోతే ఇద్దరూ ఉండిపోతారు. ఒప్పుకున్నవాళ్ళు ఎడమవైపు తలుపులోంచి నేరుగా చంద్రుడి మీదున్న చంద్రశాలకు వెళ్ళిపోతారు, నాలుగేళ్ళ చదువుకి. మారగల మనసులే అక్కడి పరిశోధనలకు కావాలట. చేరేనాడే అందరూ దీనికి సరేనన్నారు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఎవరు కాదంటారు?

మనోమీటను మోసం చెయ్యడం కుదరదు. నమ్మని జవాబు నొక్కితే నాడి చూసి ఎర్రగా వెలుగుతుంది, నమ్మినదాన్నే ఓటుగా వేసుకుంటుంది.

ఆ రోజు తెర మీద ఒక నీళ్ళతొట్టి, అందులో పడవ, పడవలో పెద్ద రాయి. రాయిని తీసి తొట్టిలో పడేస్తే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

మెహర్ నొక్కింది. కుర్చీ జరిగి జరిగి ఆగింది. ఎదురుగా తాయారు, కాళ్ళ దగ్గర ఉబ్బిన సంచి. మెహర్ గుండె కుదుటపడింది. ఇంకో పావుగంట ఇలాగే గడిచిపోతే చాలు.

"పెరుగుతుంది," అంది తాయారు. "రాయి పడితే నీళ్ళు పెరక్క ఏమవుతాయి?"

"అంతే అనుకో."

"మరి నువ్వేం నొక్కావు?"

"తగ్గుతుందని."

తాయారు ముందుకు వంగింది. "తగ్గుతుందా! ఎలాగే?"

"చెప్పను."

"చెప్పవే బాబూ."

"చెప్తే నీకర్థమవుతుంది. నోర్మూసుకుని కూర్చో. మధ్యాహ్నం పులిహోరట."

తాయారుకి పులిహోర వినబడలేదు. ఆమె చూపు తెర మీదుంది. "ఆగాగు. పడవలో ఉన్నంతసేపూ రాయిని మోసేదెవరు?"

"తాయారూ, వద్దు."

"నీళ్ళే కదా! దాని బరువుకి సరిపడా నీటిని పడవ పక్కకి నెట్టుకుని ఉంటుంది. రాయి మునిగాక కింద నేల మోస్తుంది. అప్పుడది తను పట్టేంత చోటే తీసుకుంటుంది. ఆ చోటు చిన్నది..." ఆమె ముఖం విప్పారింది. "తగ్గుతుంది! మెహర్, నిజంగా తగ్గుతుందే!"

ఆ ముఖం చూసి మెహర్ కూడా నవ్వేసింది. ఆపుకోలేకపోయింది. తరవాత ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

రెండో ఓటుకి తాయారు "పెరుగుతుంది" మీద వేలు తెల్లబడేలా నొక్కింది. మనోమీట ఎర్రగా వెలిగింది. కుర్చీ ఎడమవైపుకి కదిలింది.

"నేనొక్క ముక్క చెప్పలేదు మేడమ్! తనకే తోచింది!" మెహర్ లేచి అరిచింది. తనంతట తనకే తోచినవాళ్ళ కోసం సభాయంత్రంలో లెక్క లేదు. మేడమ్ తల దించుకుంది.

"నా బట్టలే!" అంది తాయారు తలుపు దగ్గర. సంచి గుండెలకి హత్తుకుని, "పోన్లే, దిండుంది," అని నవ్వబోయింది.

ఈ సంగతి హాస్టలంతా పాకింది. మరుసటి ఏడు నుంచి, ఎదుటి మనిషి ఇష్టమైతే ఎవరూ ఏదీ వివరించేవారు కారు. తెలిసినవాళ్ళు నోరు కట్టుకున్నారు, తెలియనివాళ్ళు అడగలేదు. మూడువేల మంది ఒకరినొకరు చూసుకుంటూ మౌనంగా కూర్చునేవారు. చర్చ తగ్గింది, కారణం తెలియలేదు అని సభాయంత్రం నివేదించి, చర్చకు సమయం పెంచింది. వాళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు మౌనంగా కూర్చున్నారు.

చంద్రశాల నుంచి తిరుగు నౌక 2136 చైత్రంలో వచ్చింది. కొందరి ఎముకలు గుల్లబారి భూమి మీద తమ బరువే తాము మొయ్యలేవని వైద్యులు వాళ్ళని అక్కడే ఆపేశారు. బీరువాలో బట్టలు మడత విప్పకుండా ఉన్నాయి. 2132 ఫాల్గుణంలో వెళ్ళిన తాయారు తిరిగి రాలేదు.