చేపలు ఎవరి వెంట పడ్డాయి?

ఠాప్!

తల పక్కనున్న థర్మోకోల్ బండ ముక్కలైపోతుంది. అతను పాక్కుంటూ ఇంకో బండ వెనక దూరతాడు.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల కటిక చీకటి. సముద్రం అడుగున నడిచినట్టు చూపించే హాలు అది. అతను అక్కడ కెమెరాల మెకానిక్.

"ఆ రికార్డింగ్ పెన్‌డ్రైవ్ ఇటు విసురు! ప్రాణాలతో బయటికి పోతావు!" ఓనర్ గొంతు.

ముడుచుకుని కూర్చుంటాడు. ఇక్కడ కనపడననుకుంటాడు...

కాళ్ల దగ్గర మిలమిల.

చేపలు!

ప్రొజెక్టర్ వెలుగుతో నేలమీద ఈదే చేపలు, వచ్చి అతని చుట్టూ మూగుతున్నాయి.

టోపీ! టెస్టింగ్ కోసం పెట్టుకున్నది తీయనే లేదు! దానిమీది వెండిరంగు గోళీలు ఎటు కదిలితే పైకప్పు కెమెరాలు చేపల్ని అటే తోలతాయి.

"నీ చేపలే నిన్ను పట్టించాయిరా!"

ఠాప్!

దొర్లుతాడు. ఒళ్లు మండిపోతోంది... తూటాకి కాదు! ఆరు నెలలుగా ఒకటే తిట్లు. టోపీ కెమెరాలకి కాస్త మరుగైతే చాలు, చేపలు ఎటో దూకుతున్నాయని, నీకు పని చేతకాదని! దూకేది ఓనర్ లోపలికొచ్చినప్పుడే. గోళీల్లా మెరిసేవన్నీ నల్ల టేపుతో కప్పుకొని రండని ఎంత మొత్తుకున్నా ఆ స్టీలు వాచీకి ఒక్కనాడూ టేపు పడలేదు.

పోయిన వారం చెల్లెలి మొగుడు, ఇక్కడి ఎలక్ట్రీషియన్, నిచ్చెన మీంచి పడి చచ్చిపోయాడు. ఫైర్ అలారాలు పనిచేయట్లేదని ఫిర్యాదు చేస్తానన్న మర్నాడే! "ఒక్కడే ఉన్నాడు పాపం" అన్నాడు ఓనర్. హాలు రికార్డింగులో చీకటికి మనిషి కనపడడు గానీ, సరిగ్గా ఆ నిమిషాన చేపలు నిచ్చెన వెనక్కి దూకాయి.

పోలీసులు నవ్వారు. "చేపలు సాక్ష్యం చెబుతాయా పెద్దమనిషీ?"

ఇక్కడే గేటు దగ్గర తుపాకీతో కాపలా ఉండే చెల్లెలు కూడా పొద్దున ఫోన్ పెట్టేసింది. "చేపల గోల ఆపన్నయ్యా! నా బుర్ర తినకు!"

ఎవరికి చెప్పినా గోడకి చెప్పినట్టే!

అడుగుల చప్పుడు... దగ్గరకి...

టోపీ లాగి చొక్కాలో దూరుస్తాడు.

చేపలు చెల్లాచెదురు. ఒక్క క్షణం వెతుక్కుంటాయి...

దూకుతాయి!

పది అడుగుల అవతల, ఓనర్ బూట్ల చుట్టూ!

"ఏయ్... ఇదేంట్రా?" ఓనర్ జరుగుతాడు. చేపలూ జరుగుతాయి. పరుగెత్తుతాడు. చేపలూ పరుగే!

చూస్తే ఏం లాభం? చేతిలో చిన్న రాయి కూడా లేదు. ఛ!

"దొరికావు! నీ చెల్లెలి మొగుడూ ఇలాగే మొండికేశాడు..." తుపాకీ ముఖం మీదకి లేస్తుంది.

కళ్లు మూసుకుంటాడు.

ఠాప్!

నొప్పి లేదు...

కళ్లు తెరుస్తాడు. చేపలు కదలడం లేదు. ఒకేచోట, గుండ్రంగా.

టక్కున లైట్లు. చేపలు వెలిసిపోతాయి. ఓనర్ లేవడు.

గుమ్మంలో చెల్లెలు. చేతిలో డ్యూటీ తుపాకీ. బ్యాడ్జీ, బెల్టు, గుండీలు, కళ్లజోడు ఫ్రేము... అన్నిటిమీదా నల్ల టేపు!

"నువ్వు చెప్పినట్టే కప్పుకొని వచ్చానన్నయ్యా..." తుపాకీ దించుతుంది. "నీ చేపలు నిజం చెబుతాయో లేదో చూద్దామని."