మైళ్ళు ఎప్పుడో పడ్డాయి

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. డులూత్ ఊళ్ళో రాత్రంతా మంచు కురిసి తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. మార్లిస్ కాఫీ కప్పు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరికీ, అక్కణ్ణుంచి కంప్యూటర్ ముందు కూర్చున్న మొగుడి దగ్గరికీ నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి ఇక ఆగలేక అడిగేసింది.

"పడ్డాయా?"

"ఇంకా లేదు," అన్నాడు వెండెల్, తెర మీంచి చూపు తిప్పకుండా.

"థాంక్స్‌గివింగ్ పండగ నుంచీ ఇదే పాట! అవి మైళ్ళా, మన చర్చి పైకప్పు రిపేరా?"

"కంపెనీవాళ్ళ పని మార్లిస్, వాళ్ళకి తీరికైనప్పుడు వేస్తారు. నేను తొందరపడితే పడతాయా?"

"వాళ్ళ తీరిక చూసుకుని నీ కూతురి కాన్పు ఆగుతుందా మరి?"

వెండెల్ తన కప్పులో మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, చర్చిలో ఎవరిదో అంత్యక్రియల భోజనం ఉందనీ, అక్కడి వాకిట్లో మంచు ఎత్తిపోయాలనీ చెప్పి పార పట్టుకుని వెళ్ళిపోయాడు.

వెండెల్ ముప్ఫయ్యొక్క ఏళ్ళు పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. కాళ్ళకు చక్రాలున్న మనిషి ఇంట్లో కూర్చుంటే ఊరుకుంటాడా? ఆరేళ్ళ కిందట ఈ పిచ్చి పట్టుకుంది. కొత్తగా అకౌంటు తెరిచి, యాభై వేల డాలర్లు వేసి, మూడు నెలలు కదపకుండా ఉంచితే, టిక్కెట్టుకు డబ్బు బదులు పనికొచ్చే విమానం మైళ్ళు బహుమతిగా ఇచ్చే షేర్ల బ్రోకరేజి కంపెనీలు కొన్ని ఉన్నాయి. వెండెల్ జీవితమంతా దాచిన డబ్బు ఒక కంపెనీలో వేస్తాడు, మూడు నెలలు ఓపిక పడతాడు, మైళ్ళు తీసుకుని అదే డబ్బును ఇంకో కంపెనీకి తోలుకుపోతాడు. షేరంటే ఏమిటో అతనికి ఈనాటికీ తెలియదు, ఒక్కటి కొన్న పాపాన పోలేదు. తన పేరు మీద తెరవడానికి కంపెనీలు మిగలకపోయేసరికి ఆగస్టులో పెళ్ళాం పేరు మీద మొదలుపెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టు, ఈ దెబ్బతో ఇద్దరం బ్రిట్టా దగ్గరికి పడుకుని వెళ్ళే సీట్లలో వెళ్ళొచ్చు," అన్నాడు. బ్రిట్టా పేరు చెబితే మార్లిస్ ఎక్కడైనా సంతకం పెడుతుంది.

బ్రిట్టా వాళ్ళకు ఒక్కతే కూతురు. సముద్రం అవతల ఎడిన్‌బరోలో బళ్ళో పాఠాలు చెబుతూ అక్కడి ఫర్గస్‌ను ఇష్టపడింది. రెండేళ్ళ కిందట ఆ పెళ్ళికి బయల్దేరాల్సిన ముందురోజు వెండెల్‌కు నడుం పట్టేసింది. లేవలేక, కూర్చోలేక, ఒకటే మూలుగు. అతన్ని ఆ స్థితిలో వదిలి వెళ్ళలేక మార్లిస్ కూడా ఆగిపోయింది. కొత్తగా కుట్టించుకున్న నీలం గౌను వేసుకుని, ఈ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, కూతురి పెళ్ళిని ఫోనులో చూసింది. ఆ గౌను మళ్ళీ ఒంటికి తగలనివ్వలేదు. ఇప్పుడు బ్రిట్టాకు నెలలు నిండాయి, మార్చి మొదటి వారంలో పురుడు. ఈసారైనా పక్కన ఉండాలని మార్లిస్ ప్రాణం కొట్టుకుపోతోంది.

పదకొండు కాకుండానే పోస్టు బండి వచ్చిన చప్పుడైంది. మామూలుగా బండి వచ్చే సమయానికి వెండెల్ ఉత్తరాల పెట్టె దగ్గర కాపలా కాస్తుంటాడు. ఊరందరికీ ఉత్తరాలు పంచినవాడు తన ఇంటి ఉత్తరాన్ని ఇంకొకరి చేత ముట్టనివ్వడు. మంచు పడిన రోజు బండి ఆలస్యమవుతుందని ధైర్యంగా వెళ్ళాడు కానీ ఆరోజు గంట ముందే వచ్చింది. కాలు నిలవక తిరుగుతున్న మార్లిస్ వెళ్ళి తెచ్చుకుంది.

ఒక కవరు మీద తన పేరు ఉంది, బ్రోకరేజి కంపెనీ నుంచి. విప్పితే లోపల పన్నుల కాగితం. కిందటేడు మీకు బహుమతిగా ఇచ్చిన మైళ్ళ విలువ ఇన్ని డాలర్లు, దీన్ని ఆదాయం కింద ప్రభుత్వానికి చూపించుకోవలెను అని రాసి ఉంది. మొదట ఆమెకేమీ బోధపడలేదు. రెండోసారి వేలు పెట్టి చదివింది. ఇవ్వని మైళ్ళకు పన్ను ఎలా వేస్తారు?

కాగితం మీదున్న నంబరుకు ఫోను చేసింది. అవతల అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "నవంబరు పద్ధెనిమిదిన వేసేశామండీ. మీవారి మైళ్ళతో కలపమన్నారు, కలిపేశాం."

పాస్‌వర్డులన్నీ రాసుకునే పుస్తకం సొరుగులోనే ఉంది. మార్లిస్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరమే నొక్కుకుంటూ విమానం కంపెనీ పేజీ తెరిచింది. అక్కడ మూడు లక్షల నలభై వేల మైళ్ళు ఉన్నాయి. ఇద్దరూ వెళ్ళి రాగా ఇంకా మిగులుతాయి. అందులో సగానికి పైగా బ్రిట్టా పెళ్ళికి ముందే పడ్డవి. మార్లిస్ ఆ తేదీలను చూస్తూ అలాగే ఉండిపోయింది. కోపం వచ్చి ఉంటే బాగుండేది. ముందు వచ్చింది మాత్రం ఏడుపు.

వెండెల్ బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చేసరికి కాగితం బల్ల మీద ఉంది. చూడగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోస్టు వచ్చిందా?"

"వచ్చింది మహానుభావా. ఆ కాగితం ఏమిటో కాస్త చదివి పెట్టు, నాకు చదువు తక్కువ."

"అది... వాళ్ళు పొరపాటున..."

"పొరపాటా? ఆ పిల్లతో మాట్లాడాను. నవంబరు పద్ధెనిమిది! ఆ రోజు నుంచీ నేను పొద్దున్న లేచి పళ్ళు తోముకోకుండా నిన్ను అడుగుతూనే ఉన్నా. ఎన్ని పొద్దులు, వెండెల్? ఎన్ని పొద్దులు నా మొహం చూసి లేదు లేదన్నావు?"

అతను కుర్చీ లాక్కున్నాడు కానీ కూర్చోలేదు.

"అల్లుడు నచ్చలేదా? నచ్చకపోతే నచ్చలేదని చెప్పి చావు. ఆ పిల్లాడు నీకేం చేశాడు?"

"ఛఛ, ఫర్గస్ సంగతి కాదు."

"మరి ఇంకేం సంగతి? ఎవరైనా ఉన్నారా నీకు?"

"అరవయ్యయిదేళ్ళొచ్చాయి నాకు! ఎవరుంటారే పిచ్చిదానా!"

"అయితే చెప్పు!"

"భయం," అన్నాడు వెండెల్.

మార్లిస్‌కు వెంటనే తలకెక్కలేదు. "దేనికి?"

"విమానమంటే. ఎక్కలేను మార్లిస్. మా అన్నయ్య దగ్గరికి ఫీనిక్స్ వెళ్ళాను చూడు, బ్రిట్టా చిన్నప్పుడు? మధ్యలో విమానం ఒక్కసారిగా కిందికి జారింది. నేను అరిచాను. మామూలు అరుపు కాదు, మా అమ్మని పిలుస్తూ అరిచాను. పక్క సీట్లో ఎనిమిదేళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుని 'ఏం కాదు అంకుల్' అంది. దిగేదాకా వదల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు."

"దేశం చూడాలనుందని బస్సులో తిరిగొచ్చావు. మూడు రోజులు పట్టింది."

"ఏం దేశం! కిటికీ వైపు కూడా చూడలేదు."

మార్లిస్‌కు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమె చెయ్యి బల్ల అంచును పట్టుకుంది.

"నడుం నొప్పి," అంది మెల్లగా.

వెండెల్ తల దించుకున్నాడు.

"వెండెల్, ఆ రోజు నీ నడుముకి వేడి కాపడం పెట్టాను నేను. అక్కడ నా కూతురు పెళ్ళి చేసుకుంటుంటే ఇక్కడ నీ నడుముకి కాపడం పెట్టాను!"

"తెలుసు."

"మరి ఈ మైళ్ళెందుకు? ఆరేళ్ళు ఈ గోలంతా ఎందుకు? ఎక్కనివాడికి టిక్కెట్టు దేనికి?"

"మైళ్ళు పడ్డ రోజు సగం దారి వెళ్ళినట్టే ఉంటుంది నాకు. ఈసారి వెళ్ళిపోతాం అనుకుంటాను, నిజంగానే అనుకుంటాను. మర్నాటికి మళ్ళీ భయమేస్తుంది. ఇంకో కంపెనీ చూసుకుంటాను, దాంతో మూడు నెలలు గడిచిపోతాయి. నీకు చెబుదామనుకున్నా. మంచులో, వానలో కుక్కలు వెంటబడ్డా ఉత్తరం ఆపనివాణ్ణి, పిరికివాణ్ణని ఎలా చెప్పను?"

మార్లిస్ ఫోను తీసి అతని ముందు పెట్టింది.

"నాకు చెప్పడం తేలికే. దానికి చెప్పు, నీ కూతురికి."

అక్కడ సాయంత్రం. బ్రిట్టా ఆయాసపడుతూ ఫోనెత్తింది. వెండెల్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, నీ పెళ్ళప్పుడు నాకు నడుం నొప్పి రాలేదు," అని మొదలుపెట్టి, విమానం సంగతీ, మైళ్ళ సంగతీ మొత్తం చెప్పేశాడు.

"నాన్నా, నీకు ఫర్గస్ నచ్చలేదనుకున్నా," అంది బ్రిట్టా. "రెండేళ్ళుగా అదే అనుకుంటున్నా. ఆయనా అదే అనుకుంటున్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ మీ నాన్నకి ఏం పంపితే నేను నచ్చుతానని అడుగుతాడు. దుకాణమంతా తిరుగుతాడు పాపం. ఆ స్వెట్టర్లు ఊరికే వచ్చాయనుకున్నావా?"

వెండెల్ ఫోను పట్టుకునే ఏడ్చాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో మార్లిస్ అతన్ని అలా చూడలేదు.

"రాలేకపోతే రావద్దు నాన్నా. కానీ నాకింకోసారి అబద్ధం చెప్పకు," అని బ్రిట్టా ఫోను పెట్టేసింది.

తిట్టాల్సిన తిట్లు మార్లిస్‌కు ఇంకా చాలానే ఉన్నాయి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నా పాస్‌పోర్టు అప్పుడూ సొరుగులోనే ఉంది. ఆ రోజు నీకు పక్కింటి ఆర్లీన్ కాపడం పెట్టి ఉండేది. నేను వెళ్ళి ఉండొచ్చు. ఒక్కదాన్నే ఎప్పుడూ ఊరు దాటలేదు కదా, నీ నడుం చాటున నేనూ దాక్కున్నాను. ఇప్పుడు తెలుస్తోంది." కళ్ళు తుడుచుకుంది. "వచ్చే వారం గురువారానికి నాకు ఒక టిక్కెట్టు తీయి. నీ సంగతి నువ్వే తేల్చుకో. నేను రమ్మననూ, వద్దననూ."

సూపు వేడిచేసే మిషతో పొయ్యి దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడింది. మూడు నెలలుగా జరగని పని పావుగంటలో అయిపోయింది. ప్రింటరు గరగరమని ఒక కాగితం కక్కింది. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. సూపు ఉడికింది, మళ్ళీ చల్లారింది. మార్లిస్ వెనక్కి తిరగలేదు. అప్పుడు ప్రింటరు మళ్ళీ గరగరమంది.

ఆ తొమ్మిది రోజులూ వెండెల్ ఇంట్లో ఒక్క చోట కుదురుగా లేడు. గరాజు రెండుసార్లు ఊడ్చాడు. టిక్కెట్టు రద్దు చేస్తే మైళ్ళు వెనక్కి వస్తాయా రావా అని చదువుతూ ఒకసారి దొరికిపోయాడు. గురువారం మినియాపొలిస్ విమానాశ్రయం దారిలో కారు నడుపుతూ "మార్లిస్, నా నడుం..." అని మొదలుపెట్టి, ఆమె చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

పడుకునే సీట్లు. పక్కపక్కనే. పడుకునే యోగం మాత్రం వెండెల్‌కు లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెళ్ళాం చెయ్యి విరిగిపోయేలా పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో, ఫర్వాలేదు. కానీ పెళ్ళి సంగతి నేను మర్చిపోలేదు. బతికున్నన్నాళ్ళూ మర్చిపోను," అంది మార్లిస్.

"మర్చిపోకు."

కాసేపు ఊపిరి బిగబట్టి, "ఎంతసేపైంది మనం పైకి లేచి?" అని అడిగాడు.

"ఇంకా కదల్లేదయ్యా బాబూ!"

ముందు వైపు ఎవరో తలుపు బరబరా లాగుతున్న చప్పుడైంది. విమానంలో పనిచేసే అమ్మాయి ఆగి, వెండెల్ మొహం చూసి, వంగి మెల్లగా అడిగింది. "తలుపు వేసేస్తున్నామండీ. మీకు బాగానే ఉందా? దిగుతారా?"

మార్లిస్ తను జవాబు చెప్పకూడదని పెదవి కొరుక్కుని కూర్చుంది.

వెండెల్ కళ్ళు తెరిచాడు. నుదురంతా చెమట.

"బాగాలేదమ్మా. చచ్చేంత భయంగా ఉంది," అన్నాడు, చుట్టుపక్కల వరసలన్నిటికీ వినపడేలా. "నువ్వు తలుపు వేసెయ్యి."